ఇంజిన్‌కు పనికిరాని నీళ్ళు

ఇరవై ఆరేళ్ళుగా హైస్కూలు పిల్లల జవాబు పత్రాలు దిద్దుతున్నాను. తెలియక ఖాళీగా వదిలేసిన పిల్లవాడి మీద నాకెప్పుడూ కోపం రాలేదు. ఒక్క ముక్క తెలియకపోయినా దర్జాగా నాలుగు పేజీలు నింపి, ప్రతి శీర్షిక కింద రంగు పెన్నుతో గీత గీసేవాణ్ణి చూస్తే మాత్రం ఒళ్ళు మండుతుంది. మార్కాపురం బైపాస్ మీద మేం కారు కొన్న షోరూంలో గేటు దగ్గర సెల్యూట్ కొట్టే మనిషిని తప్పిస్తే అందరూ ఈ రెండో రకమే. సెల్యూట్ కొట్టే ఆయన మంచివాడు. ఏమడిగినా తెలియదనేవాడు.

కారు నా సరదా కోసం కొనలేదు. నాకు మోటార్ సైకిల్ చాలు. అది మా అక్క కోసం. అక్క నాకంటే ఆరేళ్ళు పెద్దది. అర్ధవీడు మండలంలో ఒక చిన్న ఊళ్ళో ప్రైమరీ స్కూలు టీచరు. దానికి కాస్త అవతల నా హైస్కూలు, అందులో నేను భౌతిక, రసాయన శాస్త్రాలు చెబుతాను. అక్క, నేను, నా భార్య గిద్దలూరులో ఒకే ఇంట్లో ఉంటాం. అక్క కాళ్ళు మోకాళ్ళ దగ్గర బయటికి వంగిపోయి ఉంటాయి. నడుమూ మెడా బిగుసుకుపోయాయి. పక్కనున్న మనిషిని చూడాలంటే ఆమె మొత్తంగా తిరగాలి. మా వైపు ఊళ్ళలో ఇదేం వింత కాదు, ఎవరూ ఆగి చూడరు.

మేం పుట్టిన ఊళ్ళో మా ఇంటి ముందు ఒక బోరింగు ఉండేది. మా నాయన ఆఫీసుల చుట్టూ తిరిగి, దగ్గరుండి వేయించిన బోరు అది. నీళ్ళు పడ్డ రోజు ఊరందరికీ బెల్లం పంచాడట. అక్క ఆ నీళ్ళతోనే పెరిగింది. ఆరో తరగతికి ఆమెను మార్కాపురం హాస్టల్లో వేస్తామని మాట వచ్చింది గానీ, ఆడపిల్లను అంతదూరం ఎందుకని నాయన మానుకున్నాడు. ఆరేళ్ళ తర్వాత నా వంతు వచ్చినప్పుడు ఎవరూ ఎందుకని అడగలేదు. అలా నేను ఆ నీళ్ళ నుంచి బయటపడ్డాను. నా పళ్ళ మీద గోధుమరంగు చారలు మాత్రం మిగిలాయి. అక్క అక్కడే ఉండి, ప్రైవేటుగా పరీక్షలు రాసి టీచరైంది. సంబంధాలు చూడడానికి వచ్చినవాళ్ళు ఆమె నడక చూసి కాఫీ తాగి వెళ్ళిపోయేవాళ్ళు. వికలాంగుల సర్టిఫికెట్ మీద శాతం స్పష్టంగా రాశారు. కారణం అన్నచోట చిన్న అడ్డగీత గీసి వదిలేశారు.

ఆమెకింకా మూడేళ్ళ సర్వీసు ఉంది. బస్సు మొదటి మెట్టు ఎక్కలేదు. షేర్ ఆటోలో మోకాళ్ళు మడవలేదు. మండల విద్యాధికారి రెండుసార్లు చాలా మర్యాదగా, మెడికల్ రిటైర్మెంట్ తీసుకుంటే మీకే సుఖం కదమ్మా అన్నాడు. మొహం చూసి హాజరు వేసుకునే యాప్‌కు నా కాళ్ళతో ఏం పని సార్ అని అక్క అంతే మర్యాదగా అడిగింది. ఆ యాప్ వేళకు బడి గుమ్మంలో ఉండాలి, అదొక్కటే ఆమెకు కావలసింది. వరుసగా నాలుగు రోజులు ఆలస్యమైతే ఆ మర్యాద మాట కాగితం మీదికెక్కుతుందని మా ఇద్దరికీ తెలుసు. బడి లేకపోతే అక్క ఏమైపోతుందో కూడా నాకు తెలుసు. అందుకే కారు.

కొనే రోజు సేల్స్ కుర్రాడు తెర మీద వేలు పెట్టి పాటలు మార్చి చూపించాడు. నోటితో చెబితే పైకప్పు తెరుచుకుంటుందని చెప్పాడు. అక్క ఒక్కో కారు దగ్గరికి వెళ్ళి, సీటుకు వీపు పెట్టి నిలబడి, కూర్చుని, రెండు చేతులతో కాళ్ళను లోపలికి ఎత్తి పెట్టుకుని చూసింది. ఐదో కారు సీటు సరిగ్గా ఆమె ఎత్తుకు వచ్చింది. ఇదీ అంది. పైకప్పు సంగతి ఆ కుర్రాడు మళ్ళీ చెప్పబోతే, ఎండ పడే పని మాకెందుకు బాబూ అంది. బండికి పూలదండ వేశారు, టెంకాయ కొట్టారు, అట్టతో చేసిన పెద్ద తాళంచెవి మా చేతిలో పెట్టి ఫోటో తీశారు. స్టాఫంతా వరసగా నిలబడి చప్పట్లు కొట్టారు. మూడేళ్ళ వారంటీ అని పుస్తకం తెరిచి చూపించి, ఇంజిన్ గురించి మీరు మర్చిపోండి సార్ అన్నాడు మేనేజరు. తర్వాత తెలిసింది, మర్చిపోయేది వాళ్ళేనని.

ఆ మొదటి ఆదివారమే నేను అక్కకు బానెట్ ఎత్తి, సైన్సు మాస్టారి దర్పంతో ఇంజిన్ గురించి పాఠం చెప్పాను. ఇంజిన్ వేడిని లాగేసుకునే ద్రవం ఈ డబ్బాలో ఉంటుంది, దీని మీద రెండు గీతలున్నాయి, ఈ రెంటి మధ్య ఉంటే చాలు అన్నాను. అక్క ఆ పనిని తన ఉద్యోగంగా తీసుకుంది. ప్రతి ఆదివారం పొద్దున నేను బానెట్ ఎత్తి నిలబెట్టి, సంచీ పట్టుకుని కూరగాయలకు వెళ్ళేవాణ్ణి. నిలబడి చేసే పని కనుక ఆమెకు ఇబ్బంది లేదు. నేను వచ్చేసరికి ఆమె గుడ్డతో ఆ డబ్బా తుడుస్తూ ఉండేది. కొన్నాళ్ళకే నాతో అంది, తగ్గుతాంది రా అని.

మొదటి సర్వీసులో ఆ మాట చెప్పాను. మెడలో బిళ్ళ, చేతిలో పలక లాంటి యంత్రం పట్టుకున్న సర్వీస్ అడ్వైజర్, ఎండలకు తగ్గుతుంది సార్, మామూలే అన్నాడు. అప్పుడు బయట ముసురు పట్టి ఉంది. రెండో సర్వీసులో కూడా మామూలే అన్నాడు. మూడోసారి మామూలు అనలేదు, ఒక లీటరు పోశాం అని బిల్లులో వేశాడు. ప్రతిసారీ బయటికి వస్తుంటే వెంటపడి, రేపు ఫోన్ వస్తుంది సార్, పదికి పది ఇవ్వండి, తొమ్మిదిచ్చినా నాకు మాట వస్తుంది అని బతిమాలేవాడు. ఇన్నేళ్ళలో నా క్లాసులో చివరి బెంచీ పిల్లవాడు కూడా ఇంత సిగ్గు లేకుండా మార్కులు అడగలేదు. ఇచ్చాను. పదికి పది మూడుసార్లు ఇచ్చాను. ఆ వెధవపనికి నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

ఒంటిపూట బళ్ళ కాలంలో, మధ్యాహ్నం కంభం దాటి గిద్దలూరు వైపు వస్తుంటే ఎర్ర దీపం వెలిగింది. నేను పక్కకు తీసేలోపే ఇంజిన్ ఒకసారి వణికి ఆగిపోయింది. తెల్లటి పొగ వచ్చింది. అక్కడ రోడ్డు అంచు బాగా వాలుగా ఉంది. అక్క దిగలేదు, దిగినా నిలబడలేదు. గొర్రెలు కాసుకునే ముసలాయన ఒకడు ఏమీ అడగకుండానే వచ్చి, తన గొడుగు తెచ్చి కిటికీకి అడ్డం పెట్టి, బండి లాగే లారీ వచ్చేదాకా అలాగే నిలబడ్డాడు. ఆయన పేరు కూడా నేను అడగలేదు. ఈ వ్యవహారం మొత్తంలో మాకు సర్వీసు అన్నది దొరికింది ఆయన దగ్గరే.

షోరూం వాళ్ళు ఆరు రోజులు బండిని ముట్టుకోలేదు. ఏడో రోజు మేనేజరు తన అద్దాల గదిలోకి పిలిచి కూర్చోబెట్టాడు. ఒంగోలు నుంచి వచ్చిన మనిషి, టై కట్టుకుంటాడు. వెనక గోడ మీద కస్టమరే మా కుటుంబం అని పెద్ద అక్షరాలు. తన కుటుంబానికి ఏం రాసిస్తాడో తెలియదు గానీ, నాకు మాత్రం సీలు వేసిన ఒక ఉత్తరం ఇచ్చాడు. అంతా ఇంగ్లీషు. సారాంశం ఇది: ఇంజిన్ చల్లబరిచే కూలెంట్ ద్రవంలో బోరు నీరు పోసినట్టు గుర్తించాము. ఆ నీటిలోని లవణాలు పేరుకుని లోపలి భాగాలకు తీవ్రమైన, శాశ్వతమైన నష్టం జరిగినది. ఇది వాడకందారు నిర్లక్ష్యం కనుక వారంటీ వర్తించదు.

ఈ విషయం ఇంకెవరికైనా రాసి ఉంటే నవ్వుకుని ఉండేవాణ్ణేమో. నీటి కాఠిన్యం గురించి పాతికేళ్ళుగా పాఠం చెబుతున్నవాణ్ణి నేను. మా ప్రాంతంలో బోరు నీళ్ళు కాచిన గిన్నె అడుగున సున్నపు పొర కడుతుందని చంటిపిల్లకు కూడా తెలుసు. మా ఇంట్లో టీకి కూడా క్యాను నీళ్ళే. అదంతా చెప్పాను. తెల్ల కాగితం అడిగి కాల్షియం, మెగ్నీషియం రాసి మరీ వివరించాను. మేనేజరు తల ఊపుతూ విన్నాడు. విని, మీరు పోయలేదంటే మరి ఎలా వచ్చాయండీ అన్నాడు. అది అతను వెయ్యాల్సిన ప్రశ్న కాదు, జవాబు చెప్పాల్సిన ప్రశ్న. బానెట్ కింద చెయ్యి పెట్టింది మీ వాళ్ళే కదా అన్నాను. మా వర్క్‌షాపులో అలాంటివి జరగవండీ అన్నాడు. ఎలా తెలుసు అంటే, జరగవండీ అని మళ్ళీ అన్నాడు. సున్నా మార్కులు.

అప్పటి నుంచి తిరగడం మొదలైంది. వెళ్ళినప్పుడల్లా మేనేజరు మీటింగులో ఉండేవాడు. అద్దాల గదిలో ఒక్కడే కూర్చుని, నన్ను చూస్తూ మీటింగులో ఉండేవాడు. కంపెనీ ఉచిత నంబరుకు ఫోన్ చేస్తే మూడు భాషల్లో స్వాగతం చెప్పి, సంగీతం వినిపించి, తెంచేసేవాళ్ళు. ఒకరోజు మెసేజ్ వచ్చింది, మీ ఫిర్యాదు సంతృప్తికరంగా పరిష్కరించబడినది అని. ఎవరికి సంతృప్తి కలిగిందో అందులో లేదు. అది వచ్చిన గంటకు ఫోన్ చేసి పదికి ఎన్ని ఇస్తారని అడిగారు. నేను చెప్పిన మాట ఇక్కడ రాయను, నా విద్యార్థులు చదివే అవకాశం ఉంది.

ఈలోగా అక్క బడికి వెళ్ళాలి. బాడుగ కార్లు ఒకట్రెండు రోజులు దొరికేవి, పెళ్ళిళ్ళ కాలం కావడంతో తర్వాత దొరకలేదు. చివరికి కూరగాయలు తోలే ట్రాలీ ఆటో ఒకటి కుదిరింది. వెనక ప్లాస్టిక్ కుర్చీ వేసి, దాన్ని తాడుతో కమ్మీకి కట్టి, డ్రైవరూ నేనూ పట్టుకుని అక్కను ఎక్కించాం. నేను పక్కన నిలబడి ఆమె భుజం పట్టుకున్నాను. గిద్దలూరు నుంచి ఆ ఊరిదాకా ఎండకు ఎండుతూ, గుంత వచ్చినప్పుడల్లా పళ్ళు బిగించి, మెడ తిప్పలేక ఎదురుగా చూస్తూ కూర్చుంది. బడి దగ్గర పిల్లలు గంతులేశారు, మేడం ఊరేగింపుతో వచ్చిందని. అక్క కూడా నవ్వి యాప్‌కు మొహం చూపించింది. వేళకే వచ్చింది. ఆ రాత్రి నా భార్య ఆమె నడుముకు కాపడం పెడుతుంటే మూలిగిన మూలుగు నాకు పక్కగదిలోకి వినిపించింది. అలా పద్దెనిమిది రోజులు వెళ్ళింది.

గిద్దలూరు స్టేషన్ రోడ్డులో ఒక పాత మెకానిక్ ఉన్నాడు. సాయిబుల మనిషి, అందరికీ భాయ్. నా మోటార్ సైకిల్‌ని ఇన్నేళ్ళు బతికించింది ఆయనే. ఒక్కసారి చూడు భాయ్ అని బతిమాలి మార్కాపురం తీసుకుపోయాను. వర్క్‌షాపులో మా కారు ఒక మూల దుమ్ము పట్టి ఉంది. భాయ్ రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, టార్చి నన్ను పట్టుకోమన్నాడు. "నేను చెయ్యి పెట్టను సారూ. పెడితే అది కూడా నా మీదనే రాస్తారు" అన్నాడు. అలా చేతులు కట్టుకునే బండి చుట్టూ తిరిగి, వంగి, మోకాళ్ళ మీద కూర్చుని జాగ్రత్తగా చూశాడు.

ఇంజిన్ నీళ్ళ పంపు కింద ఇనుము మీద కూలెంట్ కారి ఎండిపోయిన గులాబీ రంగు మరక ఉంది. పొర మీద పొర. భాయ్ గడ్డంతోనే దాన్ని చూపించాడు. "ఇది నిన్నటిది కాదు సారూ. పంపులో సీలు సరిగ్గ గూర్చోలే. బండి కొత్తగున్నప్పటి నుంచి కారుతాంది. తగ్గేది ఎండకు కాదు, ఈడ కారి" అన్నాడు. ఫోటో తీసుకున్నాను. ఇంతలో అడ్వైజర్ పరుగెత్తుకొచ్చి, బయటి మెకానిక్‌లకు లోపలికి పర్మిషన్ లేదన్నాడు. ఏడాదిన్నరగా ఇనుము మీద కనబడుతున్న మరక కనబడలేదు గానీ, గేటు దాటి వచ్చిన ముసలి మెకానిక్ ఐదు నిమిషాల్లో కనబడ్డాడు. భాయ్ అచ్ఛా అని మారుమాట లేకుండా నడిచి బయటికి వెళ్ళిపోయాడు. చేతులు అప్పుడు కూడా వెనకే ఉన్నాయి.

ఆ సాయంత్రం మూడు సర్వీసుల కాగితాలూ పక్కపక్కన పరిచాను. మూడింటిలోనూ ఒకే వాక్యం, ఒకే తప్పుతో. లీకులు లేవు, అన్నీ బాగున్నాయి. కాపీ కొట్టిన పిల్లల పేపర్లు నేను వాసనతో పట్టేస్తాను. ఫోటో, కాగితాలు, వాళ్ళ ఉత్తరం, లీటరు పోసిన బిల్లు అన్నీ కలిపి వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు రాసి, వెయ్యడానికి ముందు ఒక ప్రతి కంపెనీకి పంపాను. ఇన్ని వారాలు నోరు పెగలని కంపెనీ రెండో రోజుకల్లా జవాబిచ్చింది. విజయవాడ నుంచి ఇంజినీరు వస్తాడు, దయచేసి తొందరపడవద్దు అని. తొందరపడవద్దట.

ఇంజినీరు వచ్చే రోజు అక్క కూడా వస్తానంది. ట్రాలీ ఆటోలోనే వచ్చింది. వర్క్‌షాపు గుమ్మంలో ఆమె కుర్చీతో సహా దిగుతుంటే సేల్స్ వాళ్ళు అద్దాల్లోంచి చూశారు. ఏడాదిన్నర క్రితం ఆమె చేతికి అట్ట తాళంచెవి ఇచ్చి చప్పట్లు కొట్టినవాళ్ళే. ఒక్కరూ బయటికి రాలేదు. సెల్యూట్ కొట్టే ఆయన వచ్చి కుర్చీ మోశాడు.

ఇంజినీరు ముప్పై దాటని మనిషి. నోటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడే అలవాటు. పంపు విప్పించి, సీలు చేతిలో తిప్పి చూసి, ఇది మొదటి నుంచీ లోపమేనన్నాడు. నేను మేనేజరు వైపు చూశాను. అతను నేల వైపు చూశాడు. తర్వాత ఇంజినీరు రేడియేటర్ మూత తీసి, వేలు పెట్టి గీకి, తెల్లటి పొడి చూపించాడు. "కానీ సార్, బోరు నీళ్ళు కూడా పడ్డాయి. రెండూ ఉన్నాయి. నీళ్ళు పోసి ఉండకపోతే నేను ఇప్పుడే సంతకం పెట్టేవాణ్ణి" అన్నాడు. మేనేజరు తల మళ్ళీ లేచింది.

నేను లేచి నిలబడ్డాను. గొంతు కూడా లేచిందని ఒప్పుకోవాలి. మా ఇంట్లో ఎవరూ ఆ డబ్బాలో చుక్క నీళ్ళు పోయలేదని, కావాలంటే నా ఉద్యోగం మీద, నేను చెప్పే పాఠం మీద ఒట్టని, పోసింది ఈ వర్క్‌షాపులోనేనని, ఆ మూల కనిపిస్తున్న డ్రమ్ములోంచేనని అరిచాను. ఆ డ్రమ్ము అంచుకు కూడా తెల్లటి పొర కట్టి ఉంది. నా వాదనలో నాకు రవ్వంత సందేహం లేదు. వీళ్ళ లాంటి అబద్ధాలకోరులు భూమ్మీద ఉండరనిపించింది.

మేనేజరు నన్ను వదిలేసి అక్క వైపు తిరిగాడు. పల్లెటూరి వాళ్ళకు చెప్పినట్టు ఒక్కో మాటా విడదీసి చెప్పాడు. "మేడం, మీకు తెలీక పోసుంటారు. మీ బోరు నీళ్ళు ఎలాంటివో మీకు తెలీదండీ. అవి ఇనుమునే తినేస్తాయి. ఇంజిన్‌కు పనికిరావు."

అక్క కుర్చీలో మెల్లగా మొత్తంగా అతని వైపు తిరిగింది. ఆమె గొంతు పిల్లలకు ఎక్కం చెప్పేటప్పటి గొంతే.

"నాకు తెల్వకపోడమేంది నాయనా? మీ ఇంజిన్ ఆ నీళ్ళు సంవత్సరన్నర తాగింది. నేను ఇరవై ఏండ్లు తాగినా. ఇంజిన్‌కు పనికిరావని నీకు ఉత్తరంలో రాయబుద్ధయింది. మాకు పనికిరావని ఏ కాగితంలో రాసినారో అది గూడా జూపిచ్చు. జూసి లేచిపోతాం."

మేనేజరు నీళ్ళు నమిలాడు. ఇంజినీరు నోటి మీదున్న చెయ్యి తీశాడు. అతని ముందు పళ్ళ మీద నా పళ్ళ మీద ఉన్నటువంటి చారలే. "మాది ముండ్లమూరు దగ్గరమ్మా, మావీ ఇలాంటి నీళ్ళే" అన్నాడు. మేనేజరు చేతిలోని కాగితం లాక్కుని, పంపు లోపం వల్ల ఇంజిన్ వేడెక్కినది, వారంటీ కింద మొత్తం మరమ్మతు చేయవలెను అని రాసి సంతకం పెట్టాడు. మేనేజరు ఏదో అనబోయాడు. నా పేరు మీద ఉంది కదా సంతకం, మీకెందుకు అన్నాడు ఇంజినీరు. ఆ షోరూంలో తన పేరు పెట్టి ఒక మాట చెప్పిన మనిషిని అదే మొదటిసారి చూడడం.

పదకొండు రోజులకు కారు వచ్చింది. తాళాలు ఇచ్చేటప్పుడు అడ్వైజర్, రేపు ఫోన్ వస్తుంది సార్ అన్నాడు. నేను అతని మొహం చూసేసరికి మిగతాది మింగేశాడు.

తిరిగి వస్తూ నేను గెలిచిన సంతోషంలో ఉన్నాను. మేనేజరు మొహాన్ని, డ్రమ్మును, అబద్ధాన్ని వరసబెట్టి మళ్ళీ మళ్ళీ తిడుతున్నాను. అక్క సీటు వెనక్కి నెట్టుకుని, కాళ్ళు చాపుకుని ఎదురుగా చూస్తోంది. కంభం దాటాక, మెల్లగా అంది.

"నీళ్ళు నేనే పోసినా రా."

నేను బండి పక్కకు తీసి ఆపాను. ఆమె మామూలుగానే చెప్పుకుపోయింది. ప్రతి ఆదివారం గీతకు దిగువకు పోతుంటే చూస్తా ఊరుకోలేకపోయిందట. నాతో చెబితే మామూలేనంట అని నేను వాళ్ళ మాటే అప్పజెప్పేవాణ్ణట. అందుకని నేను కూరగాయలకు పోగానే చెంబుతో పోసి, గీత దగ్గరికి తెచ్చి, గుడ్డతో తుడిచి పెట్టేదట. క్యాను నీళ్ళు పోసినా సరిపోయేది కదక్కా అన్నాను. ఆమె నన్ను వెర్రివాణ్ణి చూసినట్టు చూడాలనుకుంది గానీ మెడ తిరగలేదు.

"క్యాను నీళ్ళు తాగేటివి. తాగే నీళ్ళు ఎవరన్నా బండికి పోస్తారా? బండికి వాడే నీళ్ళే గదా" అంది.

మా ఇళ్ళలో రెండు రకాల నీళ్ళుంటాయి, తాగేవి, వాడేవి. తాగే నీళ్ళతో చెయ్యి కడిగినా అమ్మ కసిరేది. కాల్షియం, మెగ్నీషియం అని పాతికేళ్ళు బోర్డు మీద రాసినవాణ్ణి, నా ఇంట్లో మనిషికి గీత చూపించాను గానీ, ఆ గీత దాకా ఏం పోయాలో చెప్పలేదు. ఎవరి మీద అరిచానో, ఏ పాఠం మీద ఒట్టు పెట్టానో తలుచుకుంటే చెవులు వేడెక్కాయి. సున్నా మార్కులు ఇంకొకరికి కూడా వెయ్యాల్సి వచ్చింది.

మరి అక్కడ ఎందుకు చెప్పలేదక్కా అన్నాను.

"అందరి ముందర జెప్పినా గదా, మీ ఇంజిన్ సంవత్సరన్నర తాగిందని. ఆ ముండ్లమూరు పిల్లోడు ఇన్నాడు. పంపు కారకపోతే నేను పోసేపని ఏముండెనని గూడా వానికి తెలిసింది. నువ్వే ఇనలే, అరుస్తాంటివి" అంది.

ఇంటికి వచ్చాక, ఆ మేనేజరు ఇచ్చిన ఉత్తరం ఎక్కడుందని అడిగింది. చించేద్దామని బయటికి తీశాను. నాకియ్యి అంది. దానితో ఇంకేం పని అక్కా, మనం గెలిచాం కదా, పైగా అందులో సున్నం సంగతి ఉంది గానీ నీ కాళ్ళది ఫ్లోరైడు, రెండూ వేరు అని మళ్ళీ పాఠం మొదలుపెట్టాను. బోరు ఒకటే గదా అంది. ఉత్తరం తీసుకుని, కళ్ళజోడు పెట్టుకుని, ఆ ఇంగ్లీషు వాక్యం మీద వేలు పెట్టి చదివింది. బోరు నీటి వల్ల తీవ్రమైన, శాశ్వతమైన నష్టం జరిగినది.

"ఆ మేనేజరును ఊరికే తిట్టినావు గాని, ఇన్నేండ్లలో సీలేసి రాసిచ్చింది వాడొక్కడే" అంది.

ఆమెకో పాత ప్లాస్టిక్ కవరుంది. అందులో ఎక్స్‌రేలు, వికలాంగుల సర్టిఫికెట్ ఉంటాయి. ఆ సర్టిఫికెట్ బయటికి తీసి, కారణం అన్నచోట అడ్డగీత ఉన్న ఆ కాగితానికి ఈ ఉత్తరాన్ని గుండుసూదితో గుచ్చి, మళ్ళీ కవర్లో పెట్టుకుంది. తెల్లారి యాప్ వేళకు బడికి వెళ్ళాం.